నిద్రమాత్ర రివ్యూ: పడుకోబెట్టడానికి నాలుగు స్టార్లు, జ్ఞాపకానికి ఒకటి

నిద్రమాత్రల మీద జనం రాసే రివ్యూలు చదివితే దాదాపు అన్నీ రెండే రకాలు. "అద్భుతం, వేసుకున్న అరగంటలో పడిపోయాను, తెల్లారేదాకా మెలకువే రాలేదు" అని ఐదు స్టార్లు ఇచ్చేవాళ్ళు ఒక రకం. "ఇది మందు కాదు విషం, జన్మలో ముట్టుకోకండి" అని ఒక్క స్టార్ పడేసేవాళ్ళు ఇంకో రకం. నేను జోల్పిడెమ్ కొంతకాలం వాడాను, అంతకుముందు క్లోనాజెపామ్ వాడాను, మధ్యలో అలర్జీ మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ చూశాను, మెలటోనిన్ సంగతి సరేసరి. నా అభిప్రాయం ఈ రెండు గుంపుల్లో ఎవరికీ నచ్చకపోవచ్చు. మాత్ర పనిచేస్తుంది. కానీ ఎంత బాగా పనిచేసిందో పొద్దున చెప్పాల్సిన సాక్షి మన జ్ఞాపకమే, ఆ మాత్ర మొట్టమొదట చెయ్యి పెట్టేదీ ఆ సాక్షి మీదే. అందుకని "మెలకువే రాలేదు" అని రాసేవాళ్ళని నేను సగమే నమ్ముతాను. అబద్ధం చెప్తున్నారని కాదు, మెలకువ వచ్చే ఉంటుంది, గుర్తుండి ఉండదు.

మంచి సంగతి ముందు. నా బాధ పడుకున్నాక నిద్ర పట్టకపోవడం. లైటు ఆర్పాక గంటలకొద్దీ పైకప్పు చూస్తూ, రేపటి పనులూ నిన్నటి మాటలూ కలిపి నెమరేస్తూ, టైమ్ చూడకూడదని తెలిసీ చూస్తూ, ఇంకా అయిదు గంటలే ఉంది, ఇప్పుడు నాలుగే ఉంది అని లెక్కలు కట్టుకునే రకం. ఇలాంటివాళ్ళకి జోల్పిడెమ్ సరిగ్గా సరిపోయే మందు. ఖాళీ కడుపుతో వేసుకుంటే తొందరగా ఎక్కుతుంది, తిన్న వెంటనే వేసుకుంటే లేటవుతుంది. కళ్ళు మెల్లగా బరువెక్కి, ఆవలింతలొచ్చి, అలా జారుకునే నిద్ర కాదిది, ఆలోచన మధ్యలో టక్కున తెగిపోతుంది. ఎక్కడ తెగిందో కూడా పొద్దున తెలీదు. ఏళ్ళ తరబడి రాత్రి అంటేనే టెన్షన్ పడ్డ మనిషికి మొదట్లో ఇది వరంలా ఉంటుంది, నాకూ అలాగే ఉంది, ఆ మాట దాచను. పడుకోబెట్టడం అనే ఒక్క పనికి నాలుగు స్టార్లు.

అయితే లెక్కల్లోకి వెళ్తే ఆ వరం కొంచెం చిన్నబోతుంది. జోల్పిడెమ్, జోపిక్లోన్, ఎస్‌జోపిక్లోన్, జాలెప్లాన్, వీటన్నిటినీ కలిపి జెడ్ డ్రగ్స్ అంటారు. కంపెనీలు అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏకి ఇచ్చిన ట్రయల్స్‌ని, ఎక్కడా అచ్చు కానివాటితో సహా, కలిపి లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే అసలు మాత్ర వేసుకున్నవాళ్ళు సగటున 22 నిమిషాలు ముందు నిద్రపోయారు, అది తలకి వైర్లు పెట్టి కొలిస్తే వచ్చిన లెక్క. పైగా ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకీ చెప్పుకోదగ్గంత గుణం కనిపించింది. పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళకి 22 నిమిషాలు చిన్న సంగతి కాదని నాకు తెలుసు. కానీ "నా జీవితమే మారిపోయింది" అనే రివ్యూకీ 22 నిమిషాలకీ మధ్య చాలా ఖాళీ ఉంది, ఆ ఖాళీలో కొంత నింపేది మరుపేనని నా అనుమానం. నా ఒక్కదాని అనుమానమే కాదు, నిద్ర మీద పనిచేసే పరిశోధకులూ చాలాకాలంగా అంటున్న మాటే.

ఎలాగంటే, రాత్రంతా ఏకబిగిన పడుకునేవాళ్ళు నిజానికి ఎవరూ లేరు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రాత్రి చాలాసార్లు చిన్న చిన్న మెలకువలు వస్తాయి, వెంటనే మళ్ళీ పడుకుంటాం కాబట్టి అవి పొద్దుటికి గుర్తుండవు. నిద్ర పట్టని జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం అవి గుర్తుండిపోతాయి, ఒంటిగంటకోసారి, రెండున్నరకోసారి అని లెక్కతో సహా చెప్తారు. మాత్ర వేసుకున్న రాత్రి ఆ లెక్క చెరిగిపోతుంది. మా డాక్టర్ నిద్ర డైరీ ఒకటి రాయమన్నారు, ఎప్పుడు పడుకున్నాను, ఎన్నిసార్లు లేచాను, పొద్దున ఎలా ఉంది, ఇంతే. ఒకరోజు "మెలకువ లేదు, చాలా బాగుంది" అని రాస్తుంటే మా ఆయన పక్కనుంచి చూసి, "అదేంటి, రాత్రి లేచి నీళ్ళు తాగావు, ఫ్యాన్ తగ్గించమన్నావు, తగ్గిస్తే మళ్ళీ పెంచమన్నావు" అన్నారు. అప్పటినుంచి డైరీలో ఆయన కోసం పక్కన ఇంకో గడి గీశాను. రెండు గడులూ ఒకలా ఉన్న రోజులు తక్కువ. సరే, మేలుకున్న బాధ గుర్తులేకపోతే ఆ బాధ సగం లేనట్టే కదా అంటారా, కాదనను, నిద్రలేమిలో సగం నరకం ఆ గుర్తుండటమే. కానీ ఒంటికి పట్టిన నిద్ర వేరు, పట్టిందని మనం అనుకునే నిద్ర వేరు, స్టార్లు ఇచ్చేటప్పుడు మనం ఇచ్చేది రెండోదానికే.

ఎందుకిలా అంటే, మెదడులో గాబా అనే రసాయనం నరాల కణాల హడావుడిని తగ్గిస్తుంది. బెంజోడయాజెపిన్లు, అంటే డయాజెపామ్, క్లోనాజెపామ్, ఆల్ప్రజోలామ్, లోరాజెపామ్ బాపతు, ఇంకా జెడ్ డ్రగ్స్, ఇవన్నీ కణాల మీద గాబా వచ్చి అతుక్కునే చోటు, అంటే రిసెప్టర్ మీదే చేరి గాబా పనిని పెంచుతాయి. చిక్కు ఎక్కడంటే, నిద్రకో గాబా జ్ఞాపకానికో గాబా అని విడివిడిగా లేవు. కొత్త సంగతి ఏదైనా మనసులో నిలవాలంటే హిప్పోకాంపస్ అనే భాగంలో కణాల మధ్య లింకులు గట్టిపడాలి, అక్కడా ఈ రిసెప్టర్లే ఉన్నాయి. 1999లో ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. ఆ రిసెప్టర్‌లో ఆల్ఫా-1 అనే ముక్కని డయాజెపామ్ పట్టుకోలేకుండా మార్చేశారు. అలాంటి ఎలుకలకి డయాజెపామ్ ఇస్తే మత్తు రాలేదు, మరుపూ రాలేదు, భయం తగ్గడం మాత్రం ఎప్పటిలాగే ఉంది. మత్తూ మరుపూ రెండూ ఒకే దారిన వస్తున్నాయన్నమాట. జోల్పిడెమ్ ప్రత్యేకంగా వెతికి పట్టుకునేది ఆ ఆల్ఫా-1నే. అందుకే డబ్బాలోని కాగితం మీద సైడ్ ఎఫెక్టుల వరసలో తలనొప్పికీ నోరెండడానికీ మధ్యలో మతిమరుపు అని రాయడం నాకు సగం నిజంలా అనిపిస్తుంది, అది మందు పనిచేసే తీరులోనే ఉంది.

మాత్ర మింగడానికీ నిద్ర పట్టడానికీ మధ్య కొంత సమయం ఉంటుంది కదా, అసలు ప్రమాదం ఆ కాస్త సమయంలోనే. ఒకరోజు మా ఆయన "టికెట్లు చేసేశాను" అన్నారు. ఏం టికెట్లు అన్నాను. "నిన్న రాత్రి నువ్వే కదా తారీఖులు చెప్పి, కిటికీ పక్క సీటు కూడా కావాలన్నావు" అన్నారు. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. మామూలుగా మర్చిపోయిన సంగతి ఎవరైనా ఎత్తితే, ఆ అవునవును అని ఏదో ఒక మూలైనా తగులుతుంది, ఇక్కడ ఆ మూల కూడా లేదు. పోనీ ముద్దముద్దగా మాట్లాడానా అంటే అదీ కాదట, సెలవులు లెక్కేసి, వెళ్ళే రోజు కంటే వచ్చే రోజు ముఖ్యమని వాదించి మరీ ఒప్పించానట. ఇంకోసారి ఆఫీసు గ్రూపులో నా పేరుతో ఒక మెసేజ్ కనిపించింది, ఒక్క అక్షరదోషం లేదు, మర్యాద మాత్రం కొంచెం తక్కువైంది. నిజం చెప్పాలంటే అందులో ఉన్న మాట తప్పేం కాదు, మెలకువలో ఉన్న నేనైతే ఇంకో వారం తటపటాయించి అసలు పంపేదాన్నే కాదు.

వైద్యులు ఈ గుణాన్ని కావాలనే వాడుకునే చోటు కూడా ఉంది. ఎండోస్కోపీకి ముందో, ఆపరేషన్‌కి ముందో ఇచ్చే మిడజోలామ్ ఈ బెంజోడయాజెపిన్ల కుటుంబమే. మనిషి అడిగినదానికి జవాబిస్తాడు, పక్కకి తిరగమంటే తిరుగుతాడు, అంతా అయ్యాక అడిగితే ఎప్పుడు మొదలుపెడతారు అంటాడు. అక్కడ అది మేలు. అదే విమానంలో అయితే? ట్రయాజోలామ్ అని ఒక మాత్ర ఉంది, చాలా తొందరగా ఎక్కి తొందరగా దిగేది. దూరప్రయాణంలో నిద్ర కోసం దాన్ని వేసుకున్న ముగ్గురి కథ 1987లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ ముగ్గురూ మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలే! మందుతో పాటు మద్యం కూడా లోపలికి వెళ్ళింది. తర్వాత గంటల తరబడి మామూలు మనుషుల్లాగే తిరిగారు, ఆ గంటలు మాత్రం వాళ్ళ జ్ఞాపకంలో లేవు. మరుపు గురించీ మానసిక ఇబ్బందుల గురించీ ఫిర్యాదులు పెరిగి 1991లో బ్రిటన్ ట్రయాజోలామ్‌ని మార్కెట్లోంచి తీయించేసింది. మద్యం సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను, నిద్రమాత్ర, మద్యం, రెండూ గాబా మీదే పనిచేస్తాయి, కలిస్తే మరుపు ఒక్కటే కాదు, ఊపిరే మందగించొచ్చు. ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్ లాంటి నొప్పి మందులతోనూ అంతే. ఇందులో "నాకేం కాలేదు" అనేవాళ్ళ మాట వినొద్దు.

ఇప్పుడు ఒక తిరకాసు. మాత్ర మింగిన తర్వాత జరిగేవాటినే మందు తుడిచేస్తుంది, ముందు నేర్చుకున్నవాటి జోలికి పెద్దగా పోదు. అంతేకాదు, కొన్ని ప్రయోగాల్లో బెంజోడయాజెపిన్ వేసుకోకముందు చదివిన పదాల జాబితా, ఏమీ వేసుకోనివాళ్ళ కంటే కాస్త బాగానే గుర్తుంది. దానికి పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి, కొత్త సంగతులు లోపలికి రావడం ఆగిపోయింది కాబట్టి పాతవాటికి పోటీ లేకపోయిందని. 2013లో వచ్చిన మరో పరిశోధనలో జోల్పిడెమ్ ఇచ్చి పగటిపూట కునుకు తీయించారు. నిద్రలో స్పిండిల్స్ అనే చిన్న తరంగాల గుంపులు వస్తాయి, హిప్పోకాంపస్‌లో ఉన్న తాజా సంగతులు మెదడు పైపొరల్లోకి చేరి స్థిరపడటానికి అవి సాయం చేస్తాయని అంటారు. మాత్ర వేసుకున్నవాళ్ళలో ఆ స్పిండిల్స్ పెరిగాయి, ముందు నేర్చుకున్న పదాల జంటలు బాగా గుర్తున్నాయి. ఇది చదవగానే పరీక్ష ముందురోజు రాత్రి ఒకటి వేసుకుంటే పోలా అనుకునే బుర్రలు ఉంటాయని తెలుసు, వాళ్ళకో మాట. ఆ ప్రయోగంలో ఉన్నది నిద్ర బాగా పట్టే ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళు, కునుకు తీసింది లాబ్‌లో, లేచాక వాళ్ళు రాసింది జీవితాన్ని తేల్చే పరీక్ష కాదు. మాత్ర మత్తు దిగకుండా హాల్లో కూర్చుంటే కొత్త ప్రశ్న చదివి తలకెక్కించుకోవడమే కష్టం.

నిద్ర రకాల విషయానికొస్తే నా అనుభవంలో పెద్ద తేడా క్లోనాజెపామ్‌కీ జోల్పిడెమ్‌కీ మధ్య కనిపించింది. నిద్రలో సుమారు గంటన్నరకో చుట్టు తిరుగుతుంది, తేలిక నిద్ర, గాఢనిద్ర, కలలొచ్చే నిద్ర, మళ్ళీ మొదటికి. బెంజోడయాజెపిన్లు మొత్తం నిద్రని పెంచుతాయి కానీ ఆ పెరిగేది ఎక్కువగా మధ్యరకం నిద్ర, గాఢనిద్రా కలల నిద్రా తగ్గుతాయి. గాఢనిద్రలో వచ్చే పెద్ద పెద్ద నెమ్మది అలలు పగటి సంగతులని సర్దిపెట్టడానికి అవసరమని చెప్తారు. జోల్పిడెమ్ మామూలు డోసులో గాఢనిద్రని అంతగా చెడగొట్టదు, వీటిలో అదే దానికున్న మంచి పేరు. క్లోనాజెపామ్ నాకు టెన్షన్ తగ్గించింది, నిద్రా పట్టించింది, కానీ పొద్దున లేచిన మనిషి మధ్యాహ్నం దాకా రాలేదు! దాని సగం మోతాదు ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే ఇవాళ్టి మాత్ర ఉండగానే రేపటి మాత్ర పైన పడుతుంది. మీటింగ్‌లో ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టే ఉంటుంది, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోతుంది. కొందరికి మూర్ఛ లాంటి జబ్బులకి అది తప్పనిసరి మందు, దాని జోలికి నేను పోను. ఉత్త నిద్ర కోసం అయితే నా లెక్కలో రెండు స్టార్లు.

జోల్పిడెమ్ సగం రెండు మూడు గంటల్లోనే పోతుంది కాబట్టి పొద్దుటికి ఏమీ మిగలదని చాలాకాలం అనుకున్నారు. ఈ మందుకి అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది, 2013 జనవరిలో ఎఫ్‌డీఏ ఆడవాళ్ళకి డోసు సగం చెయ్యమంది, 10 మిల్లీగ్రాములని 5కి, మెల్లగా విడుదలయ్యే రకం అయితే 12.5ని 6.25కి. 10 మిల్లీగ్రాములు వేసుకుని ఎనిమిది గంటలు గడిచాక కూడా, బండి నడపడానికి ఇబ్బంది కలిగించేంత మందు సుమారు 15 శాతం ఆడవాళ్ళ రక్తంలో కనిపించింది, మగవాళ్ళలో అది 3 శాతం. ఆడవాళ్ళ ఒంట్లోంచి ఈ మందు నెమ్మదిగా పోతుంది. అంటే రెండు దశాబ్దాలు ఆడవాళ్ళు అవసరానికి రెట్టింపు మింగారు, "ఏంటమ్మా, పొద్దున్నే అలా ఉన్నావు" అనిపించుకున్నారు, ఆడవాళ్ళకి బద్ధకం అనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. నాకు ఈ ఒక్క సంగతి మీదే కోపం వస్తుంది. నాకు రాసిచ్చినప్పుడు కూడా మొదట పెద్ద డోసే రాశారు, నేనే అడిగితే తగ్గించారు.

ఎస్‌జోపిక్లోన్ నేను వాడలేదు, నోట్లో చేదు రుచి మర్నాటిదాకా ఉంటుందని వాడినవాళ్ళంతా చెప్తారు. దాని గురించి 2014లో ఎఫ్‌డీఏ చెప్పింది మాత్రం ఈ రివ్యూకి అసలైన సంగతి. రాత్రి 3 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్ళకి బండి నడపడంలో, జ్ఞాపకంలో తేడా 11 గంటలు దాటాక కూడా కనిపించింది, వాళ్ళలో చాలామంది "నేను బాగానే ఉన్నాను" అనుకున్నారు. దాంతో మొదలుపెట్టే డోసుని 1 మిల్లీగ్రాముకి దించారు. పొద్దున మనం ఎలా ఉన్నామో మనకే తెలియకపోతే ఇక మనం ఇచ్చే స్టార్ల విలువెంత?

నిద్రలో నడవడం, వంట చెయ్యడం, బండి తీసుకుని బయటికి వెళ్ళిపోవడం, ఇవన్నీ కట్టుకథలు అనుకునేదాన్ని. 2019 ఏప్రిల్‌లో జోల్పిడెమ్, ఎస్‌జోపిక్లోన్, జాలెప్లాన్ మూడింటికీ ఎఫ్‌డీఏ తన దగ్గరున్న అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. తీవ్రమైన కేసులు 66 దొరికాయి, వాటిలో 20 మంది చనిపోయారు. కోట్లమంది వాడే మందుకి ఇవి తక్కువే, కానీ కొన్ని మొదటి మాత్రతోనే, తక్కువ డోసుతోనే జరిగాయి. ఒక్కసారి అలా జరిగినా మళ్ళీ ఆ మందు వాడకూడదు. చాలామందికి చేసింది గుర్తుండదు కాబట్టి ఒంటరిగా ఉండేవాళ్ళకి ఎలా తెలుస్తుంది అన్నది నాకు మిగిలిపోయిన భయం, పొద్దున పొయ్యి మీద గిన్నె చూసి తెలుసుకోవాలేమో.

పెద్దవయసువాళ్ళ గురించి కొంచెం గట్టిగా చెప్తాను. అరవై అయిదు దాటినవాళ్ళకి బెంజోడయాజెపిన్లూ జెడ్ డ్రగ్సూ వీలైనంత వరకు వద్దనే వైద్యుల సలహా, రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడి తుంటి ఎముక విరగడం ఒకటి, పగలు మతి తప్పినట్టు ఉండటం ఇంకొకటి. ఆ మతిమరుపుని వయసు మీదకి నెట్టేసి, మాత్ర సంగతి ఎవరూ అడగరు. ఇక అల్జీమర్స్, అంటే ముసలితనంలో మతి మెల్లగా పోయే జబ్బు, వస్తుందా అనే ప్రశ్న. 2014లో కెనడాలోని వృద్ధుల మీద వచ్చిన పరిశోధన బెంజోడయాజెపిన్లు మూడు నెలలకి మించి వాడినవాళ్ళలో అల్జీమర్స్ సుమారు 50 శాతం ఎక్కువ కనిపించిందని చెప్పింది, టీవీలన్నీ దాన్నే పట్టుకున్నాయి. 2016లో అమెరికాలో చేసిన ఇంకో పరిశోధనలో ఎక్కువ వాడినవాళ్ళలో అలాంటి పెరుగుదల కనిపించలేదు, ఈ వార్త ఎవరూ పట్టుకోలేదు. ఆ జబ్బు బయటపడటానికి ఏళ్ళ ముందే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మాత్ర మొదలవుతుంది, కాబట్టి ఏది ముందో తేల్చడం తేలిక కాదు. 2025లో ఎలుకల మీద వచ్చిన పరిశోధన ఒకటి మాత్రం నన్ను కాస్త ఆలోచనలో పడేసింది. నిద్రలో మెదడులోని ద్రవం పారుతూ చెత్తని కడిగేస్తుంది, జోల్పిడెమ్ ఇచ్చిన ఎలుకలు తొందరగా పడుకున్నాయి కానీ ఆ పారుదల తగ్గింది. ఎలుకల సంగతే, మనుషులకి అలాగే అని చెప్పలేం, అయినా పడుకోవడమూ నిద్రపోవడమూ ఒకటి కాకపోవచ్చన్న అనుమానానికి బలం చేకూరింది.

డాక్టర్ చీటీ లేకుండా దొరికేవాటి గురించి రెండు ముక్కలు. డైఫెన్‌హైడ్రమిన్‌కి ఒక్క స్టార్. మొదటి రాత్రి మొద్దులా పడుకోబెడుతుంది, కొద్ది రోజుల్లోనే ఒళ్ళు అలవాటు పడిపోయి నిద్ర పట్టడం ఆగిపోతుంది, నోరెండడం మిగులుతుంది. పైగా జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటుంది, పెద్దవాళ్ళ చేతికి అసలు ఇవ్వకూడని మందుల్లో ఇదొకటి. "చీటీ అక్కర్లేదు కాబట్టి మంచిదే" అనుకోవడానికి ఇంతకంటే చెడ్డ ఉదాహరణ లేదు. మెలటోనిన్ నిద్రమాత్ర కాదు, రాత్రయిందని ఒంటికి చెప్పే కబురు, విమానంలో దేశాలు దాటినవాళ్ళకీ నిద్ర వేళలు తారుమారైనవాళ్ళకీ పనికొస్తుంది. నాలాగా ఆలోచనలతో నిద్ర పట్టనివాళ్ళకి చేసేది తక్కువ. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ మాత్రలు పరీక్షిస్తే, లోపల ఉన్నది లేబుల్ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేలింది. దేనికి స్టార్లు ఇవ్వాలో కూడా తెలియదు అలాంటప్పుడు.

మానేయడం గురించి ఏ ఐదు స్టార్ల రివ్యూలోనూ ఉండదు. కొంతకాలం రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి ముందుకంటే గట్టిగా తిరిగొస్తుంది, కొన్ని రాత్రులు కంటి మీద కునుకుండదు. అప్పుడు మనకేమనిపిస్తుంది? చూశావా, మాత్ర లేకపోతే నాకు నిద్రే రాదు అని. అది మందు ఆపిన ప్రభావం, కొద్ది రోజుల్లో తగ్గుతుంది, కానీ ఆ రాత్రి మూడింటికి ఎవరు చెప్పినా వినబుద్ధి కాదు, సొరుగు తెరుస్తాం. బెంజోడయాజెపిన్లు ఎక్కువకాలం వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు, కాబట్టి ఈ రివ్యూ చదివి ఇవాళే డబ్బా పారేయకండి, డాక్టర్‌తో మాట్లాడి వారాలు, అవసరమైతే నెలలు పట్టేలా మెల్లగా తగ్గించుకోవాలి. గురక పెట్టేవాళ్ళు, నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళు అసలు మొదలుపెట్టకముందే ఆ సంగతి చెప్పాలి.

నాకు చివరికి పనిచేసింది నిద్రలేమికి చేసే సీబీటీ, అంటే మందు లేకుండా ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే చికిత్స, 2016 నుంచి అమెరికా వైద్యుల సంఘం ఒకటి పిల్లలు కాని వాళ్ళందరికీ మందు కంటే ముందు దీన్నే పెట్టమంటోంది. వినడానికి శిక్షలా ఉంటుంది. నిజంగా పడుకునేది అయిదున్నర గంటలే అయితే మంచం మీద ఎనిమిది గంటలు దొర్లొద్దు, దాదాపు ఆ అయిదున్నర గంటలే మంచం మీద ఉండు అంటారు. నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలోకి పో. ఎప్పుడు పడుకున్నా లేచే టైమ్ మాత్రం మారకూడదు, ఆదివారమైనా సరే. మొదటి వారాలు మాత్రలున్నప్పటి కంటే ఘోరంగా గడిచాయి, పగలంతా కళ్ళు మండేవి, మా ఆయన మీద అరిచేదాన్ని, ఆ అరుపులన్నీ నాకు బాగా గుర్తున్నాయి. తర్వాత మెల్లగా నిద్ర గట్టిపడింది. డైరీలో రెండు గడులూ ఒకేలా ఉండటం మొదలైంది. నాలుగున్నర స్టార్లు, ఆ అర ఎందుకు కోశానంటే దీన్ని సరిగ్గా చేయించేవాళ్ళు దొరకడం కష్టం.

జోల్పిడెమ్‌ని మాత్రం తిట్టను. దుఃఖంలో ఉన్నప్పుడు, ఆస్పత్రిలో పెద్ద కష్టం నడుస్తున్నప్పుడు కొన్ని రాత్రులకి అది సాయమే, తక్కువ డోసులో, ఏడెనిమిది గంటలు పడుకునే వీలున్న రాత్రి, మింగిన వెంటనే లైటు ఆర్పేసి, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు. ఎన్నాళ్ళు వాడాలో మొదటి రోజే అడిగి రాయించుకోవాలి, "చూద్దాం లెండి" అంటే ఇంకోసారి అడగాలి.

కొత్త రకం ఒకటి ఉంది, సువోరెక్సాంట్, లెంబోరెక్సాంట్, డారిడోరెక్సాంట్ అనేవి. 1998లో కనుక్కున్న ఒరెక్సిన్ అనే రసాయనం మనల్ని మెలకువగా ఉంచుతుంది, ఇవి దాన్ని అడ్డుకుంటాయి, గాబా జోలికి పోవు. మొదటిదానికి 2014లో అనుమతి వచ్చింది. జ్ఞాపకం మీద దెబ్బ తక్కువని వింటున్నాను, మర్నాడు మగత వీటికీ ఉందని కూడా వింటున్నాను. నేను వాడలేదు కాబట్టి స్టార్లు ఇవ్వను, వాడినవాళ్ళు కింద రాయండి, రాసేముందు పక్కన పడుకునేవాళ్ళని ఒకసారి అడగండి.